కవిశిక్ష : చెప్పినవారు, చదివినవారు

రచనను నేర్పు గ్రంథమునకు ఒక కవి చేతిలో పట్టిన గతిని తెలుపు కథ తెలుగు వాఙ్మయమున ఒకటి కలదు. కాకునూరి అప్పకవి క్రీ.శ. 1656లో తన లక్షణ గ్రంథమునకు పూనుకొన్నపుడు దానిని పీఠికలో చెప్పినాడు. నన్నయభట్టు సంస్కృత సూత్రములతో ఆంధ్రశబ్దచింతామణి అను తెలుగు వ్యాకరణమును రచించెనట. భీమకవి రచించిన రాఘవపాండవీయమును ఆయన వెలుగు చూడనీయలేదట. దానికి కినిసి భీమకవి ఆ వ్యాకరణమును గోదావరిలో పడవైచెనట. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు బాల్యముననే దానిని కంఠస్థము చేసియుండుటచేత సూత్రములు నశింపలేదు. అవి మతంగ పర్వత ప్రాంతమున బాలసరస్వతికి చేరినవి. తుదకు విష్ణువు అప్పకవికి కలలో కనబడి చెప్పగా, మరునాడొక బ్రాహ్మణుడు ఆ గ్రంథమును తెచ్చి ఆయన చేతిలో పెట్టినాడు.

చరిత్రగా ఈ కథ నిలువదు. నన్నయకును అప్పకవికిని నడుమ ఆరు వందల యేండ్లు ఉన్నవి. ఆ నడిమి కాలపు కవులు గాని, లాక్షణికులు గాని ఇట్టి సూత్రగ్రంథమును ఎరిగినట్లు కానరాదు. అది నన్నయ కృతి కాదని ఆధునిక విమర్శకులలో పెక్కుమంది భావించినారు. అయినను కథను కథగా చూచినపుడు దానిలో ఒక నిజము మిగిలియున్నది. రచనను శాసించు గ్రంథమనగా కవికి కలుగు కోపము, అది లేకపోయిన దిక్కులేదను భయము, రెండును అందులో ఉన్నవి. ఒకడు ఏటిలో పారవైచిన దానినే మరియొకడు దేవుని ప్రసాదముగా కన్నులకద్దుకొన్నాడు.

ఈ రెండు భావములు నేటి రచయితకును క్రొత్తవి కావు. కథ వ్రాయుట ఎట్లు, నవల నడపుట ఎట్లు అని చెప్పు పుస్తకములను చదువని రచయితలు తక్కువ. చదివితిమని చెప్పుకొనువారు ఇంకను తక్కువ. సంగీతము నేర్చినవాడు గురువు పేరు సగర్వముగా చెప్పుకొనును. రచయిత మాత్రము తనకెవ్వరును నేర్పలేదని చెప్పుకొనుటయే గౌరవమనుకొనును. ఇది మన దేశమున పాతనుండి వచ్చిన సిగ్గు కాదు. పూర్వులు కవిత్వమునకు ప్రతిభ మూలమని చెప్పుచునే, దానికి శిక్షయు కలదని నిస్సంకోచముగా గ్రంథములు వ్రాసినారు. దండి, వామనాదుల అలంకార గ్రంథములు ప్రధానముగా సిద్ధమైన కావ్యమును పరీక్షించునవి. కవిశిక్ష అనబడునవి వేరు. అవి ఇంకను వ్రాయబడని కావ్యము ముందు కూర్చున్న మనిషిని ఉద్దేశించినవి.

ఈ రెండవ జాతికి మేలుబంతి రాజశేఖరుని కావ్యమీమాంస. ఈతడు క్రీ.శ. 900 ప్రాంతమున కన్యాకుబ్జమునందు ప్రతీహార రాజుల ఆస్థానమున వెలసినవాడు. కర్పూరమంజరి, బాలరామాయణము మున్నగు రూపకములు రచించినవాడు. తాటియాకులమీద నిలిచిన ఆ గ్రంథమును సి. డి. దలాల్, ఆర్. అనంతకృష్ణశాస్త్రి పరిష్కరింపగా, బరోడా గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలకు మొదటి సంపుటముగా 1916లో అచ్చయినది. పదునెనిమిది అధికరణముల గ్రంథముగా రాజశేఖరుడు దానిని సంకల్పించినాడు. నేడు లభించునది మొదటిది మాత్రమే. దాని పేరు కవిరహస్యము.

పేరు రహస్యమైనను లోపల ఉన్నది ఇంటి సంగతి. కవి యెట్టి యింట నివసింపవలెను, ఎప్పుడు లేవవలెను, ఎవరితో మాటలాడవలెను, వ్రాత సామగ్రి ఏది అని ఒక అధ్యాయము నిండ చెప్పినాడు. ఇల్లు శుభ్రముగా ఉండవలెను. తోట, కొలను, చెట్ల నీడ ఉండవలెను. పరిచారకులు అపభ్రంశమును, దాసీజనము మాగధిని, అంతఃపురమువారు సంస్కృత ప్రాకృతములను మాటలాడవలెనట; మిత్రులకు అన్ని భాషలును రావలెనట. ఇది సంపన్నుడైన ఆస్థానకవి కల యని నవ్వి తీసివేయవచ్చును. కాని కవి చెవిలో ఒకే భాష మ్రోగరాదను ఆలోచన ఆ కలకు వెనుక ఉన్నది. నాలుగు విధముల ప్రాకృతములను నాటకములో పలికింపవలసిన రచయిత, చెవికి పని కల్పించుకొన్న విధమిది. దేశదేశముల వారి పఠన రీతులను అతడు వేరుచోట వర్ణించిన తీరు చూచినచో ఆ చెవి ఎంత వాడియో తెలియును. ద్రావిడులు గద్యమును సయితము పాడినట్లు చదువుదురని కూడ గమనించినాడు.

ఇక దినచర్య. పగటిని నాలుగు జాములుగా పంచినాడు. మొదటి జాము చదువునకు, రెండవది రచనకు. భోజనానంతరము మూడవ జామున గోష్ఠి. నాలుగవ జామున, ఉదయము వ్రాసినదానిని తిరిగి పరీక్షించుట. ఈ నాలుగవ జాము సంగతియే గ్రంథమునకు ప్రాణమనదగినది. రసావేశములో వ్రాయుచున్నవానికి వివేచన దృష్టి ఉండదు గనుక, ఆవేశము తగ్గిన పిమ్మట ఎక్కువైనది తీసివేయవలెను, తక్కువైనది నింపవలెను, చోటు తప్పినదానిని మార్చవలెను, మరచినదానిని తలచుకొనవలెను అని ఆయన భావము. వ్రాయుట, దిద్దుట రెండు వేర్వేరు బుద్ధుల పనులని, ఒకే జామున రెండింటిని చేయబోరాదని ఇంత తేటగా చెప్పినవారు అరుదు. దిద్దిన పిమ్మటనే, సాయంకాలము గడచినంతట, శుద్ధప్రతి వ్రాయించుట.

ఆచరణ ఎరిగినవాడు గనుకనే సగము వ్రాసినదానిని పరులకు చదివి వినిపింపవద్దని, క్రొత్త రచనను ఒక్కనికే ఏకాంతమున వినిపింపరాదని హెచ్చరించినాడు. సగము రచనను వినిపించినచో అది పూర్తికాదట. ఒక్కడే విన్నచో, ఆ రచన తనదే అని అతడు చెప్పుకొన్నపుడు కాదనుటకు సాక్షి ఉండడు. కావ్యములు నశించు త్రోవలను కూడ లెక్కించినాడు. ఇతరుల వద్ద దాచుట, అమ్ముట, దానమిచ్చుట, దేశము విడుచుట, అల్పాయువు, ఇట్లు సాగును ఆ పట్టిక. అందుచేత ఒకే కావ్యమునకు పెక్కు ప్రతులు ఉంచుకొనుమన్నాడు. అంత హెచ్చరించినవాని గ్రంథమునుండియే నేడు మొదటి అధికరణము తప్ప మనకు దక్కలేదు.

ఉద్యోగముల నడుమ వ్రాయువారికి కూడ ఆ గ్రంథమున చోటు కలదు. చీకటి గుహలవంటి చోట్ల లోకమునకు దూరముగా కూర్చుండి సదా వ్రాయువాడు ఒకడు. బుద్ధి పుట్టినపుడు కూర్చుండి వ్రాయువాడు ఒకడు. సేవాదుల నడుమ దొరకిన తీరికలో వ్రాయువాడు మూడవవాడు. ఏదేని సందర్భము వచ్చినపుడు దానిని పట్టి వ్రాయువాడు నాల్గవవాడు. మూడవవానికి దత్తావసరుడని పేరు పెట్టినాడు. తెలుగు కథకులలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు, వైద్యులు ఎందరో లెక్కించినచో, ఆధునిక వాఙ్మయములో పెద్ద పాలు దత్తావసరుల కృతియే యని తేలును. రాజశేఖరుడు వారిని తక్కువ చేయలేదు.

స్త్రీలు కూడ పురుషులవలె కవులు కావచ్చుననియు, సంస్కారము ఆత్మకు చెందినది గాని స్త్రీపురుష భేదమును పాటించునది కాదనియు చెప్పినాడు. ఇది ఊరక చెప్పిన మాట కాదనుటకు ఆ గ్రంథములోనే నిదర్శనమున్నది. ఆయన భార్య అవంతిసుందరి, చాహమాన వంశమున పుట్టినది. కర్పూరమంజరి ఆమె కోరికమీద ప్రదర్శింపబడినట్లు ఆ రూపకపు ప్రస్తావనయే చెప్పును. కావ్యమీమాంసలో మూడు చోట్ల రాజశేఖరుడు ఆమె అభిప్రాయమును పేరు పెట్టి ఉదాహరించినాడు. ఆ మూడు చోట్లును కవిశిక్షను చదువవలసిన తీరును నేర్పునట్టివి.

మొదటిది పాకమును గూర్చినది. ఒక పదమును తీసి వేరొక పదము పెట్టుటకు వీలుకానంతగా కుదిరిన రచనయే పాకమని వామన మతస్థుల సిద్ధాంతము. నేటికిని రచనా శిల్పమును గూర్చిన గ్రంథములలో ఈ మాట వేరువేరు రూపములలో కనబడుచునే ఉన్నది; విన్నంతనే తల యూపించు మాట. అవంతిసుందరి తల యూపలేదు. మార్చలేకపోవుట పాకము కాదు, అశక్తి అన్నది. మహాకవులు ఒకే వస్తువును పలు విధముల చెప్పగలరు, ఆ పలు విధములును పాకమునకు వచ్చినవే కదా యని ఆమె వాదము. అందుచేత రసమునకు తగిన శబ్దార్థముల కూర్పే పాకమని తేల్చినది. నాలుగవ జామున కొట్టివేయుటకు చేయి రాక కూర్చున్న ప్రతి రచయితకును ఈ సమాధానము అక్కరకు వచ్చును. తాను వ్రాసిన వాక్యము మారదని అనుకొనుట పలుమారులు తన చేతకానితనమునకు పెట్టుకొన్న గౌరవనామము.

రెండవది వస్తువును గూర్చినది. ఏ వస్తువునకును తనంత తానుగా నియతమైన స్వభావము లేదని, నేర్పరి పలుకు తీరునుబట్టి అది మంచిదో చెడ్డదో యగునని ఆమె మతము. చంద్రుని పొగడవలసినవాడు అమృతకరుడనును, తెగడవలసినవాడు దోషాకరుడనును. మూడవది అన్నిటికంటె తుంటరిది. ఇతరుల పదములను హరించుట నేర్పనే రాదని ఆచార్యులు అన్నారు. తక్కిన దొంగతనములు కాలము గడచినకొలది మరుగుపడును గాని మాటల దొంగతనము కొడుకులను, మనుమలను కూడ విడువదట. దానికి అవంతిసుందరి ఇచ్చిన జవాబు లోకమెరిగినవారి జవాబు. వాడు పేరులేనివాడు, నాకు పేరున్నది. వాని మాట తిప్పతీగ వంటిది, నాది ద్రాక్ష వంటిది. ఇట్టి కారణములు చూచుకొని కవి హరించుచునే ఉండునన్నది. ఆమె దానిని సమర్థించినదో, హరించువారు తమకు తాము చెప్పుకొను సాకులను వరుసగా పేర్చి పరిహసించినదో, పంక్తులు పలుమారులు చదివినను తేలదు. పరిహాసమనుటకే మనసు ఒప్పును.

హరణమును గూర్చి ఇంత చెప్పిన గ్రంథమే హరణమునకు గురియైనది. పండ్రెండవ శతాబ్దమున గుజరాతులో హేమచంద్రాచార్యుడు తన కావ్యానుశాసనమున కావ్యమీమాంసనుండి పొడవైన భాగములు చేర్చుకొన్నాడు. 1916కు ముందు రాజశేఖరుని ఆలోచనలు కొన్ని లోకమునకు చేరినది ఆ త్రోవనే. కనుక నష్టమని ఏడ్వనక్కరలేదు.

రాజశేఖరుని తరువాత నూరేండ్లు దాటిన పిమ్మట కాశ్మీరమున క్షేమేంద్రుడు, అనంతరాజు కాలమువాడు, కవికంఠాభరణము వ్రాసినాడు. ఇది చిన్న పుస్తకము, అయిదు సంధులు. ఈయన శిష్యులను మూడు తెగలు చేసినాడు: కొద్ది యత్నముతో కవి కాగలవాడు, పెను శ్రమతో కాగలవాడు, ఎన్నటికిని కాజాలనివాడు. మూడవ తెగలో పుట్టుకచే రాయివంటివానితోపాటు, వ్యాకరణముచే చెడినవానిని, తర్కాగ్నిచే కాలినవానిని చేర్చినాడు. స్వయముగా పండితుడైన మనిషి ఈ మాట అన్నందుకు నాటి పాఠశాలలలో ఏమనుకొన్నారో! తొలి అభ్యాసముగా అర్థము లేని మాటలతో వృత్తమును నింపుమన్నాడు. చేతికి లయ పట్టుబడిన పిమ్మట అర్థము చూచుకొనవచ్చునని భావము. తరువాత నూరు ఉపదేశములు. వాటిలో జనుల స్వభావమును పరీక్షించుట, శిల్పుల నేర్పు చూచుట, నాటకములు చూచుట, దేశభాషలు తెలిసికొనుట వంటివి ఉన్నవి. ఆ నూటిలో చాలభాగము వ్రాతబల్ల వద్ద చేయు పనులు కావు. ఆ ఉపదేశములను పాటించిన శిష్యుడు తెలిసినంతలో ఒకడున్నాడు, ఆయనయే. కాయస్థుల అక్రమములను ఎండగట్టిన నర్మమాల, కపటుల విద్యలను చెప్పిన కళావిలాసము, జనుల స్వభావమును పరీక్షించిన కన్ను వ్రాసినవి.

తెలుగున ఇట్టి గ్రంథములు ఏవి? ఛందస్సునకు కవిజనాశ్రయము, అనంతామాత్యుని ఛందోదర్పణము ఉన్నవి. అలంకారమునకు విన్నకోట పెద్దన కావ్యాలంకారచూడామణి ఉన్నది. వసుచరిత్రకారుడైన రామరాజభూషణుడే నరసభూపాలీయమును వ్రాసినాడు. ఇవి మొదటి జాతివి, లక్షణమును చెప్పునవి. వ్రాయు మనిషిని కూర్చుండబెట్టి మాటలాడిన కవిశిక్ష మనకు గ్రంథరూపమున దాదాపు లేదు. కాని చాటువు ఒకటి కలదు, అల్లసాని పెద్దనదని ప్రసిద్ధి. అలజడి లేని చోటు, ప్రియమైన దూతిక తెచ్చి యిచ్చు కర్పూర తాంబూలము, మనసునకు నచ్చిన భోజనము, ఊయల మంచము, ఇవి లేక ఊరక కృతి రచింపుమనిన సాధ్యమా యని ఆ పద్యపు భావము. దీనిని రాయల కొలువులో మురిసిన కవి గారాబముగా లోకము చెప్పుకొనుచున్నది. రాజశేఖరుని అధ్యాయమును ప్రక్కన పెట్టుకొని చదివినచో ఆ పద్యపు ఉత్తరభాగము వేరుగా కనబడును. తాంబూలము, ఊయల తరువాత కవి అడిగినవి ఒప్పుతప్పులు అరయగల రసజ్ఞులు, ఊహ తెలియగల లేఖకులు, పాఠకులు. గోష్ఠి, శుద్ధప్రతి, శ్రోత. మూడును అక్కడ ఉన్నవి. పెద్దన కావ్యమీమాంసను చదివెనని చెప్పుటకు ఆధారము లేదు, చెప్పనక్కరయు లేదు. వ్రాయువారి అవసరములు ఆరు శతాబ్దులు గడచినను, కన్యాకుబ్జము విజయనగరమైనను మారలేదు. లోకము మాత్రము ఊయలను జ్ఞాపకముంచుకొని లేఖకుని మరచినది.

అప్పకవి నాటికి పరిస్థితి మారినది. భారతమున్నది, ప్రబంధములున్నవి, గొప్ప కావ్యములు పెక్కు వెనుకబడిన పిమ్మట వచ్చిన లాక్షణికుడతడు. తన గ్రంథమును ఎనిమిది ఆశ్వాసములుగా తలపెట్టినాడు, లభించినవి అయిదు. యతుల భేదములను, ప్రాసల భేదములను ఆయన విభజించిన ఓపిక ఆశ్చర్యకరమైనది. ప్రతి భేదమునకును పూర్వకవుల పద్యములను లక్ష్యముగా చూపినాడు. ఆ ఉదాహరణములను కూర్చిన చదువరిగా అప్పకవికి తెలుగువారు ఋణపడియున్నారు. కాని అప్పకవీయమును చదివిన తరువాతి తరములు ఆ చదువరిని వదలి శాసకుని పట్టుకొన్నవి. పద్యము కంటబడిన వెంటనే యతి తప్పినదా, సాధువా, అసాధువా యను పృచ్ఛ మొదట పుట్టినది. లక్ష్యమునుండి లక్షణము తీసినవాని గ్రంథము, లక్ష్యమునకు శిక్ష విధించు ధర్మాసనమైనది. అప్పకవి తన గ్రంథమునకు నన్నయను, సారంగధరుని, విష్ణువును కూడ సాక్షులుగా పిలుచుకొనవలసివచ్చినదనగా, అట్టి పీఠము కావలెనను కోరిక ఆయనకును లేకపోలేదు. రాజశేఖరుడు కూడ శివుడు, బ్రహ్మ మొదలుకొని పరంపర చెప్పినాడు. కాని అదే గ్రంథములో ఇల్లాలి చేత తన తోటివారి సిద్ధాంతమును కాదనిపించినాడు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇదే కథ గద్యమునకు మరల జరిగినది. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును ప్రకటించినాడు. క్రమమును గమనింపవలెను. ముందు గద్యము, వెనుక సూత్రము. సూత్రములకు ముందే ఆ గద్యము అందముగా నడచినది. పది పరిచ్ఛేదములలో తెలుగు భాషను అంత క్లుప్తముగా బంధించిన గ్రంథము నేటికిని అసమానము. దానిని తప్పుపట్టుటకు ముందు దానిని చదివి తీరవలెను. కాని బాలురకని వ్రాసిన గ్రంథము పాఠశాలల ద్వారమున ప్రౌఢ రచయితలకు కూడ శాసనమైనది. మద్రాసు విశ్వవిద్యాలయమున తెలుగు వచన రచనను గూర్చి వాదము రేగినపుడు గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రమును సమర్పించినాడు. గిడుగు రామమూర్తి వేరొక త్రోవ త్రొక్కినాడు. గ్రాంథికమును తప్ప ఒప్పని పండితుల రచనలను సూత్రములతో సరిపోల్చి, వారే వాటిని పాటింపలేకపోయినారని ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజమున వరుసగా చూపినాడు. గిడుగు వ్యాకరణమును ఏటిలో వేయలేదు. ప్రతి సూత్రమును చదివినాడు, ప్రత్యర్థులకంటె శ్రద్ధగా చదివినాడు. చదివి, ప్రయోగమును ఎదుట నిలిపి, బదులు చెప్పినాడు. అవంతిసుందరి చేసినది కూడ అదియే.

ఇటీవలి కాలమున కథకు, నవలకు కూడ శిల్పగ్రంథములు తెలుగున వెలువడినవి. వల్లంపాటి వెంకటసుబ్బయ్య కథాశిల్పమునకు 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. రచనను గూర్చిన రచన కూడ రచనయే యని జాతీయ సంస్థ ఒకటి గుర్తించుట సంతోషింపదగినదే. అట్టి గ్రంథములను క్రొత్త కథకులు ఎట్లు చదువుచున్నారన్నది వేరు సంగతి. కంఠము, దృష్టికోణము, సంఘర్షణ అను మాటలు సమీక్షలలో యతిప్రాసల స్థానమును ఆక్రమించుచున్న జాడలు అక్కడక్కడ లేకపోలేదు.

అవంతిసుందరి రచించిన గ్రంథమేదియు నేడు దొరకదు. దేశీనామమాలలో హేమచంద్రుడు ఆ పేరుతో కొన్ని మాటలకు అర్థములను, ప్రాకృత పద్యములను ఉదాహరించినాడు. ఆమె ఈమెయే కావచ్చునని పండితుల ఊహ. తక్కినది కావ్యమీమాంసలోని ఆ మూడు చోట్లు. మూడింటిలోను ఆమె ఒకరు చెప్పినదానికి బదులు చెప్పుచునే కనబడును.